అవసాన దశలో వృద్ధులకు భౌతిక చికిత్స

(సమాజ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమాజ వేదికమీద కావ్యములను గూర్చియు, నాటకములను గూర్చియు ప్రసంగములు జరుగుట వాడుక. ఈ యేడు కార్యదర్శిగారు నాకు వేఱొక పని యొప్పగించిరి. మన సభ్యులలో పలువురి తల్లిదండ్రులు స్వగ్రామములు విడిచి ఢిల్లీకి వచ్చి, మన క్వార్టర్లలో తుది దినములు గడుపుచున్నారు. వారి శుశ్రూషను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని వారు కోరిరి. నేను వైద్యుడను కాను. కళాశాలలో చదివినది చరిత్ర. కొలువులో చూచునది ఫైళ్లు. అయినను మా యింట ఒక వృద్ధురాలి తుది నెలలలో కన్నులార చూచినదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు మీ ముందుంచుటకు సాహసించుచున్నాను. నా మాటలను వైద్యుని సలహాకు తోడుగా తీసికొనుడు గాని, దానికి బదులుగా తీసికొనవలదు.

ప్రశ్న ఇది. వ్యాధి ఇక నయము కాదని తేలిపోయినది. మిగిలినది కొన్ని నెలలో, కొన్ని వారములో. అట్టి వృద్ధుని వద్దకు ఫిజియోథెరపిస్టు వచ్చి కాలుసేతులు ఆడింపుమనుటలో అర్థమేమి? మన యిండ్లలో దీనికి రెండు సమాధానములు వినబడుచుండును. "ఈ వయస్సులో ఆయన్ని ఎందుకు బాధపెట్టడం? పడుకోనివ్వండి" అనునది మొదటిది. "రోజూ వ్యాయామం చేయిస్తే మళ్లీ లేచి తిరుగుతారు" అనునది రెండవది. మొదటి మాటలో ప్రేమ యున్నది. రెండవ మాటలో ఆశ యున్నది. కాని రెండింటివలనను రోగికి నష్టమే కలుగుచున్నది. మొదటిదానివలన ఆయన అవసరమునకు ముందే మంచమునకు అంటుకొనిపోవును. రెండవదానివలన ప్రతిదినమును ఒక పరీక్షగా మారి, బలము తగ్గుచున్నకొలది ఆయన తానే తప్పిపోయితినని కుములును. అవసాన దశలో ఈ చికిత్సయొక్క ప్రయోజనము మఱియొకటి. ఉన్నన్నాళ్లు తన దేహముతో తాను చేయదలచిన పనులలో ఒకటి రెండైనను తానే చేసికొనగలుగుట, నొప్పి లేకుండ కూర్చుండుట, పరుండుట, ఊపిరి పీల్చుట. నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

హాస్పిస్ అను పదము ఆతిథ్యమను అర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. మధ్యయుగములలో ఐరోపాలో యాత్రికులకును, రోగులకును ఆశ్రయమిచ్చిన సత్రములకు ఆ పేరుండెను. దానికి నేటి అర్థము కల్పించినది సిసిలీ సాండర్స్ అను ఆంగ్ల మహిళ. ఆమె మొదట నర్సు. వెన్నునొప్పివలన ఆ పని మానవలసి వచ్చి, ఆసుపత్రిలో సంఘసేవికయై, పిదప వైద్యవిద్య నభ్యసించి 1957లో డాక్టరైనది. 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించినది. మరణమాసన్నమైనవారి బాధ శరీరమునందు మాత్రమే యుండదనియు, మనస్సు, కుటుంబము, దైవచింతన అన్నింటిని అది ఆవరించి యుండుననియు ఆమె బోధించినది. బాధ అంత విస్తృతమైనపుడు సేవయు ఒక్కని చేతిలోని పని కాదు. కావుననే వైద్యుడు, నర్సు, సంఘసేవకుడు, ఫిజియోథెరపిస్టు కలిసి ఒక బృందముగా పనిచేయు పద్ధతి ఏర్పడినది. అమెరికాలో 1982 నాటి చట్టముచే వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమాలో హాస్పిస్ సేవ చేరినది. వ్యాధి తన సహజ గతిలో సాగినచో ఆయుర్దాయము ఆరు నెలలకు మించదని వైద్యులు ధ్రువపరచినవారికి అది లభించును. అట్టివారికి భౌతిక చికిత్సను అందుబాటులో నుంచవలెనని అచ్చటి నియమములే చెప్పుచున్నవి.

నయము కాని రోగికి ఈ చికిత్స ఎట్లు తగునో శాస్త్రీయముగా విభజించి చూపినవారిలో హెర్బర్ట్ డీట్జ్ అను అమెరికను వైద్యుడు ముఖ్యుడు. 1969 ప్రాంతమున ఆయన క్యాన్సరు రోగుల పునరావాస చికిత్సను నాలుగు విధములుగా వింగడించెను. రానున్న బలహీనతను ముందుగా నివారించుట ఒకటి. పోయిన శక్తిని తిరిగి తెచ్చుట రెండు. తిరిగిరాని లోపముతోనే జీవించుటకు ఆధారము కల్పించుట మూడు. వ్యాధి ముదురుచుండగా బాధను, పరాధీనతను తగ్గించుట నాలుగు. మనము ఫిజియోథెరపీ అనగానే రెండవదానినే తలచుకొందుము. ఎముక విఱిగినవాడు మరల నడచుటయే మన కన్నులకు కనబడును. అందువలననే నాలుగవ విధము మనకు వింతగా తోచుచున్నది.

అమెరికాలో హాస్పిస్ సేవలో పనిచేసిన రిచర్డ్ బ్రిగ్స్ అను ఫిజియోథెరపిస్టు ఈ నాలుగవ విధమును ఎదురుదిశలో నడచు పునరావాసముగా వర్ణించెను. సాధారణముగా రోగిని పడకనుండి కుర్చీకి, కుర్చీనుండి చేతికఱ్ఱకు, దానినుండి స్వేచ్ఛగా నడచుటకు తీసికొనిపోవుదురు. ఇచ్చట దారి వెనుకకు సాగును. నేడు నడచువానికి రేపటి వాకరును, వాకరుతో నడచువానికి ఎల్లుండి చక్రముల కుర్చీని, కుర్చీలో కూర్చుండువానికి ఆ పిదప పడకలో సుఖముగా ఒత్తిగిలు విధానమును ముందుగానే నేర్పుదురు. మెట్లు దిగువానికి తరువాతి మెట్టు ఎచ్చటనున్నదో తెలిసినచో భయము తగ్గును గదా!

ఇంక శరీరధర్మమును గూర్చి కొంచెము చెప్పవలెను. విశ్రాంతి మేలుచేయునని మన నమ్మకము. వృద్ధుల విషయమున అది పరిమితిని మించినచో కీడు చేయును. 2007లో ప్రకటింపబడిన ఒక అమెరికను పరిశోధనలో ఆరోగ్యవంతులైన 12 మంది పెద్దవయస్సువారిని పది దినములు పడకమీదనే యుంచిరి. ఆ పది దినములలోనే వారి కాళ్లలోని కండ సగటున కిలోగ్రాముకు కొంచెము తక్కువగా కరిగిపోయినది. రోగము లేనివారి సంగతియే ఇట్లుండగా, తిండి సరిగా ఎక్కని రోగి మాట చెప్పనేల? కదలనిచో కీళ్లు బిగిసిపోవును, మోకాలు ముడుచుకొని మరల చాచుకొనదు, మడమలయొద్దను, తుంటియొద్దను చర్మము ఒఱిసి పుండ్లు పడును, ఊపిరితిత్తులలో కఫము పేరుకొనును, మలబద్ధకము హెచ్చును. వ్యాధి తెచ్చిన బాధలకు తోడు మంచము తెచ్చిన బాధలు చేరును. మొదటివానిని మనము ఆపలేకపోవచ్చును. రెండవవానిలో చాలభాగమును తగ్గింపవచ్చును.

ఈ చికిత్స ఎంతవరకు ఫలించునో కూడ నిష్పక్షపాతముగా చెప్పవలెను. 2011లో నార్వే దేశమునుండి ప్రకటింపబడిన పరిశోధనలో, రెండేండ్లకు మించి బ్రతుకరని తలపబడిన 231 మంది క్యాన్సరు రోగులు పాల్గొనిరి. కొందఱికి ఎనిమిది వారములు వ్యాయామము నేర్పిరి. తక్కినవారికి మామూలు సేవయే అందినది. వ్యాయామము చేసినవారి అలసట మిగిలినవారికంటె తగ్గలేదు. కాని వారి నడక, పిడికిటి పట్టు మెఱుగుగా నుండెను. ఫలితము స్వల్పమే. అయినను మరుగుదొడ్డికి ఒకరి సాయము లేకుండ పోవుటకును, గ్లాసును తన చేతితో పట్టుకొనుటకును కావలసినవి నడకయు, పిడికిటి పట్టును కావా?

రెండేండ్ల క్రిందట మా మేనత్తగారు పాలకొల్లు ప్రాంతమునుండి మా యింటికి వచ్చిరి. వయస్సు 78 ఏండ్లు, ఊపిరితిత్తుల క్యాన్సరు. మా క్వార్టరు రెండవ అంతస్తులో నున్నది, లిఫ్టు లేదు. ఇంటికి వచ్చి చూచు ఉపశమన సేవా బృందములో ఒక యువతి ఫిజియోథెరపిస్టుగా నుండెను. ఆమె మొదటిదినమున కాలు పట్టిచూడలేదు, చేయి ఎత్తించలేదు. "మీకు ఏమి చేయాలని ఉంది?" అని హిందీలో అడిగెను. అత్తయ్యగారికి హిందీ రాదు. నా భార్య తెలుగులో చెప్పగా ఆవిడ కొంతసేపు ఆలోచించి, "ఆ వరండాలో కాసేపు ఎండలో కూర్చోవాలమ్మా. దొడ్డికి నా కాళ్లమీద నేను వెళ్లాలి. ఇంకేం వద్దు" అనిరి. మూడు నెలలు జరిగిన చికిత్స అంతయు ఆ రెండు కోరికలను పట్టుకొనియే జరిగినది.

మంచమునుండి మరుగుదొడ్డికి పదునొకండు అడుగులు. ఆ యువతి దారి మధ్యమున గోడకానించి ఒక కుర్చీ వేయించెను; ఆరడుగులకు ఒక విశ్రాంతి. పల్లముగా నున్న మంచము కోళ్లక్రింద చెక్కదిమ్మలు పెట్టించెను. కూర్చున్నపుడు పాదములు నేలకు పూర్తిగా ఆని, తుంటి మోకాలికంటె కొంచెము ఎత్తుగా నుండిన లేచుట సులభమగునట. జారుడు చాపను తీసివేయించి, గోడకు ఒక పట్టుకమ్మి బిగింపించెను. దినమునకు రెండుమాఱులు, కుర్చీలో కూర్చుండి లేచుట ఐదుసారులు, అంతియే వ్యాయామము. నొప్పికి మందు వేసికొన్న అఱగంట తరువాత దానిని చేయించెడివారము. శీతకాలపు టెండ వరండాలోనికి వచ్చు సమయమునకు ఆవిడను అచ్చట కూర్చుండబెట్టెడివారము. ఫిజియోథెరపిస్టు "లేవండి", "మెల్లగా", "చాలు" అను మూడు తెలుగు మాటలు నేర్చుకొన్నది. ఆ "మెల్లగా" అను మాట ఆమె నోట వినినపుడెల్ల అత్తయ్యగారు నవ్వెడివారు.

బలము తగ్గిన పిదప మంచము ప్రక్కకు కమోడు కుర్చీ వచ్చినది. అది వచ్చుటకు పది దినములు ముందే దానిలోనికి మాఱుట అభ్యాసము చేయించినందున, దానిని ఆవిడ అవమానముగా భావింపలేదు. వరండాకు పోవుటయు కానరానపుడు మంచమునే కిటికీవైపు త్రిప్పితిమి. తుది వారమున ఫిజియోథెరపిస్టు వ్యాయామములన్నియు మాన్పించి, తలగడలు ఎట్లమర్చవలెనో మాత్రము చూపి పోయినది. ఎప్పుడు ఆపవలెనో తెలియుట కూడ ఆ విద్యలో భాగమేనని నాకు అప్పుడు బోధపడినది.

ఇంటిలో సేవచేయువారు తెలిసికొనదగిన కొన్ని పద్ధతులను ఆమెవలన నేర్చినవానిని మనవి చేసెదను. పరుండినవారిని చేతులు పట్టి గుంజి లేపరాదు. మొదట ప్రక్కకు ఒత్తిగిలజేసి, కాళ్లను మంచము అంచునుండి క్రిందికి వ్రేలాడవిడిచి, మోచేతిమీద బలము మోపించి లేపవలెను. కూర్చున్న వెంటనే నిలువబెట్టరాదు. రక్తపు పోటు పడిపోయి కండ్లు తిరుగవచ్చును. ఒకటి రెండు నిమిషములు ఆగవలెను. నిలుచునపుడు పాదములను వెనుకకు లాగుకొని, ముక్కు మోకాళ్లను దాటునంత ముందుకు వంగుమని చెప్పవలెను. అప్పుడు సగము బరువును ఆయన దేహమే ఎత్తుకొనును. పక్షవాతము వచ్చినవారి చచ్చుబడిన చేతిని పట్టి లాగినచో భుజము కీలు దెబ్బతినును. సాయము చేయువారు నడుము వంచక మోకాళ్లు వంచవలెను. సేవచేయు కోడలో, కూతురో నడుమునొప్పితో మంచమెక్కినచో ఆ యింట ఇద్దఱు రోగులగుదురు.

లేవలేనివారిని సుమారు రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. చర్మపు స్థితినిబట్టియు, పఱుపునుబట్టియు నర్సు ఆ వ్యవధిని నిర్ణయించును. పూర్తిగా ప్రక్కకు గాక కొంచెము వాలుగా పరుండబెట్టి, వీపువెనుకను, మోకాళ్లమధ్యను తలగడలు పెట్టిన హాయిగా నుండును. పిక్కలక్రింద తలగడ పెట్టి మడమలు పఱుపునకు తాకకుండ చూడవలెను. చర్మము ఎఱ్ఱబడినచోట మర్దనము చేయుట మన వాడుక; అది మానవలెను. నడుమ రంధ్రముగల గుండ్రని గాలితిత్తులవలన మేలుకంటె కీడు ఎక్కువ.

ఊపిరాడనివారికి పరుండుటకంటె ముందుకు వంగి, ఎదుటి బల్లమీద తలగడ పెట్టుకొని, దానిపై మోచేతులానించి కూర్చుండుట మేలు. పెదవులు సున్నవలె చుట్టి నెమ్మదిగా ఊపిరి విడువవలెను. ముఖమునకు గాలి తగులుట కూడ ఉపశమనము కలిగించును. 2010లో ఇంగ్లండునుండి ప్రకటింపబడిన ఒక పరీక్షలో 50 మందికి చిన్న చేతిఫ్యానును ముఖమువైపును, కాలివైపును మార్చి మార్చి త్రిప్పి చూచిరి. ముఖమువైపు త్రిప్పినపుడు ఆయాసము తగ్గినది. మన తాటాకు విసనకఱ్ఱ చేయుచుండిన పని ఇదియే. అత్తయ్యగారి విసనకఱ్ఱ ఊరినుండి ఆవిడతోనే వచ్చినది.

జాగ్రత్తలును కలవు. క్యాన్సరు ఎముకకు ప్రాకినచో చిన్న ఒత్తిడికే ఎముక విఱుగవచ్చును. కావున వైద్యుని అనుమతి లేక ఏ వ్యాయామమును మొదలుపెట్టరాదు. ఒక కాలు మాత్రము హఠాత్తుగా వాచినచో అది రక్తపు గడ్డ కావచ్చును. దానిని ఒత్తక వెంటనే డాక్టరుకు తెలుపవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది రోగి యిష్టము. "ఇవాళ వద్దు" అని ఆయన అన్నచో ఆనాటికి వద్దు. నడపించుట మన తృప్తికి కాదు గదా!

మన దేశములో 2011 జనాభా లెక్కల ప్రకారమే 60 ఏండ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షలమంది. ప్రపంచములో ఉపశమన చికిత్స అవసరమైనవారిలో సుమారు నూటికి 14 మందికి మాత్రమే అది అందుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయినను మన దేశమున ఈ రంగమున జరిగిన కృషి తక్కువది కాదు. 1986లో బొంబాయిలో శాంతి అవేదనా ఆశ్రమము మన దేశపు మొదటి హాస్పిస్‌గా వెలసినది. ఢిల్లీలోను దాని శాఖ ఏర్పడినది. 1993లో కోళిక్కోడులో ప్రారంభమైన ఉద్యమము, పొరుగువారే శిక్షణ పొంది రోగుల యిండ్లకు పోవు పద్ధతిని కేరళమంతట వ్యాపింపజేసినది. 1996లో ఢిల్లీలో స్థాపింపబడిన క్యాన్‌సపోర్ట్ సంస్థ క్యాన్సరు రోగుల యిండ్లకు బృందములను ఉచితముగా పంపుచు వచ్చినది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉపశమన విభాగమును, 2011లో వెలసిన స్పర్శ్ హాస్పిస్‌ను మన వారిలో కొందఱు ఎఱుగుదురు. 2012లో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఉపశమన చికిత్సా కార్యక్రమమును రూపొందించినది. 2014 నాటి చట్ట సవరణ మార్ఫీను మందు లభించుటలోని చిక్కులను తగ్గించినది. నొప్పి తగ్గనిదే ఏ వ్యాయామమును సాగదు. కావున ఆ సవరణకును మన విషయమునకును దగ్గఱి సంబంధము కలదు. 2021లో చేయబడిన చట్టము ఫిజియోథెరపిస్టులతోబాటు పలు అనుబంధ వైద్యవృత్తులను ఒక జాతీయ సంఘముక్రిందికి తెచ్చినది. మర్దనము చేయువాని నెల్ల ఫిజియోథెరపిస్టు అని పిలువక, బి.పి.టి. పట్టమున్నదా అని అడుగుట మన బాధ్యత.

ఉద్యోగులమైన మనకు సెలవు సంగతి తప్పదు. 2025 జూలైలో రాజ్యసభలో ప్రభుత్వమిచ్చిన సమాధానము ప్రకారము, సంవత్సరమునకు లభించు 30 దినముల ఆర్జిత సెలవు, 20 దినముల అర్ధవేతన సెలవు, 8 దినముల సాధారణ సెలవు, 2 ఐచ్ఛిక సెలవుదినములు వృద్ధులైన తల్లిదండ్రుల సేవకును వినియోగించుకొనవచ్చును. మనము వానిని తంతి వంటి కబురు వచ్చినపుడు రైలెక్కుటకే దాచుకొందుము. అందులో రెండు దినములనైనను ముందుగా, ఫిజియోథెరపిస్టు మొదటిసారి వచ్చు దినమున ఇంటనుండుటకు వాడుడు. ఆమె చూపునది కన్నులార చూచినవారికే చేతనగును; ఫోనులో విని నేర్చుకొనుట కష్టము.

తుదకు మన సమాజమునకు మూడు విన్నపములు. మొదటిది, ఒక చిన్న అట్ట. దానిమీద లే, కూర్చో, మెల్లగా, నొప్పి, దాహము, చాలు, ఎడమప్రక్క, కుడిప్రక్క వంటి ముప్పది మాటలను తెలుగులోను, హిందీలోను ఎదురెదురుగా అచ్చువేయింపవలెను. ఊరు విడిచి వచ్చిన ముసలివారికి తమ నొప్పి ఎచ్చట నున్నదో చెప్పుకొనుటకు మాట లేకపోవుట నొప్పికంటె కష్టము. రెండవది, ఉపకరణముల భాండారము. వాకరు, చక్రముల కుర్చీ, కమోడు కుర్చీ ఒక ఇంట కొన్ని నెలలు పనిచేసి, పిదప అటకమీద దుమ్ము పట్టుచున్నవి. వానిని సమాజమునకు ఇచ్చినచో శుభ్రపఱచి, బిగువులు సరిచూచి, అవసరమైన సభ్యునికి ఎరువియ్యవచ్చును. మా అత్తయ్యగారి కమోడు కుర్చీని, వాకరును ఈ సభకు వచ్చుచు తెచ్చి కార్యాలయపు గదిలో నుంచితిని. భాండారమునకు అవియే మొదటివి యగుగాక. మూడవది, ఏటికొక సాయంకాలము ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి, మంచముమీదనుండి మనిషిని లేపు విధము మనకందఱకు నేర్పింపవలెను. పురుషులు తప్పక రావలెను. ఈ పని ఇండ్లలో స్త్రీలమీదనే పడుచున్నది.

 భాండారమునకు వస్తువులు ఇయ్యదలచినవారు నేడు సభ ముగిసిన వెంటనే కార్యాలయమున తమ పేరు వ్రాయించి పోవలసినదిగా కోరుచున్నాను.